ఓపిక లేనిది అమ్మాయిలకేనా?

"ఈ కాలం పిల్లలకి నొప్పులు పడే ఓపికెక్కడిదండీ? అందుకే అందరికీ ఆపరేషన్లు."

కాన్పు కబురు ఎక్కడ మొదలైనా చివరికి ఈ మాట దగ్గరికే వచ్చి ఆగుతుంది. దువ్వాడ స్టేషన్లో జన్మభూమి కోసం కూర్చున్న బెంచీ మీద ఇదే మాట. కూర్మన్నపాలెం జంక్షన్లో షేర్ ఆటో నిండేలోపు ఇదే మాట. సీమంతంలో గాజులు తొడుగుతూ కూడా ఇదే. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు, ఎక్కువమంది కన్నతల్లులే. డాక్టర్లు కొంచెం మర్యాదగా "పేషెంట్ కోఆపరేట్ చెయ్యలేదండీ" అంటారు. మగవాళ్ళు దీనికి కాస్త శాస్త్రం కలుపుతారు: రుబ్బురోలు దగ్గర కూర్చోరు, ముగ్గు వెయ్యరు, పొద్దస్తమానం ఫోను పట్టుకుంటారు, ఇక ఎముకలెలా సాగుతాయండీ అని.

ఈ అభిప్రాయంలో కాస్తో కూస్తో నిజం ఉందని ఒప్పుకుని మొదలుపెట్టడం మర్యాద. నాకు ఆ మర్యాద చెయ్యాలని లేదు. ఇది మొదటి నుంచి చివరి దాకా తప్పు. తప్పయినా ఎవరికీ నష్టం లేని మాటైతే పోనీలే అనుకోవచ్చు. ఈ మాటకి నష్టం ఉంది. నేరం ఎవరిదో విచారణకి ముందే తేల్చేస్తుంది, అడగాల్సినవాళ్ళని ఎవరూ అడక్కుండా చేస్తుంది. పొట్ట మీద కుట్లతో పడుకున్న పిల్ల కూడా దాన్ని నమ్మేసి, "నా వల్ల కాలేదు" అనుకుంటూ ఇంటికెళ్తుంది.

ముందు అంకెలు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, దేశంలోనే అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. తెలుగు ఆడపిల్లలు మిగతా దేశం ఆడపిల్లల కన్నా సుకుమారులని కాసేపు అనుకుందాం. అప్పుడు అదే సర్వేలో పక్క వరస కూడా చదవాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో ఆపరేషన్లు 26.6 శాతం, ప్రైవేటు ఆస్పత్రుల్లో 63 శాతం. అదే ఊళ్ళ పిల్లలు, అదే రేషను బియ్యం, అవే ఫోన్లు. ప్రభుత్వాసుపత్రి మెట్లెక్కినప్పుడు ఉన్న ఓపిక, రోడ్డుకి అవతల నర్సింగ్‌హోమ్ లిఫ్టెక్కేసరికి ఎలా మాయమవుతోంది?

ప్రైవేటుకి వెళ్ళేవాళ్ళకి వయసెక్కువ, బరువెక్కువ, సుగర్ ఎక్కువ అని ఒక సమాధానం వస్తుంది. కొంత ఉండొచ్చు. కానీ బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినవాళ్ళు, ఒంట్లో రక్తం లేక పాలిపోయినవాళ్ళు, పాడేరు, అరకు కొండల నుంచి అంబులెన్సులో దిగేవాళ్ళు, ఆఖరి నిమిషంలో నర్సింగ్‌హోమ్ చేతులెత్తేసినవాళ్ళు, వీళ్ళందరూ చివరికి చేరేది విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే. కష్టమైన కేసులన్నీ ప్రభుత్వం నెత్తిన పడుతుంటే ఆపరేషన్లు అక్కడ ఎక్కువ ఉండాలి గదా? లెక్క తిరగబడి ఉంది. తిరగబడిన లెక్కకి కారణం తల్లి ఒంట్లో వెతకడం వృథా.

ఓపిక సంగతంటారా, పొద్దున్న షిఫ్టు వేళకి దువ్వాడ వీఎస్‌ఈజడ్ (విశాఖ ప్రత్యేక ఆర్థిక మండలి) గేటు దగ్గర ఒకసారి నిలబడి చూడండి. కంపెనీ బస్సుల్లోంచి దిగేవాళ్ళలో ఎంతమంది ఆడపిల్లలో చూడండి. మందుల ప్యాకింగు, నగల పాలిషింగు, ఎనిమిది గంటల నిలువుకాళ్ళ పని. ఇంకొంచెం అవతల అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో కుట్టుమిషన్ల మీద కొన్ని వేలమంది. నిండు కడుపుతో బస్సు రాడ్డు పట్టుకుని నిలబడ్డ పిల్లని నేను చూశాను. చున్నీ నడుముకి బిగించి ఉంది. టిఫిను సంచి మోచేతికి వేలాడుతోంది. బ్రేకు పడినప్పుడల్లా పొట్టకి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. సీటివ్వడానికి లేచిన కుర్రాడితో "ఫర్వాలేదు తమ్ముడూ, దిగిపోతాను" అంది. ఆ పిల్లకి ఓపిక లేదని సాయంత్రం అరుగు మీద కూర్చుని తేల్చేవాళ్ళకి ఆ బస్సులో ఒక్క ట్రిప్పు ఇప్పించాలి.

మరి ఆ పిల్లే పురిటి బల్ల మీద ఎందుకు బెదిరిపోతుంది? భయం వల్ల. ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు, తొమ్మిది నెలలు కూర్చుని మనమే నూరిపోశాం.

నెల తప్పిన దగ్గర్నుంచి ఆమె ఫైలు లావెక్కుతూ ఉంటుంది. స్కానింగులు, రక్తపరీక్షలు, ఐరన్ మాత్రలు, టీటీ ఇంజక్షను. బిడ్డ తొడ ఎముక ఎన్ని మిల్లీమీటర్లుందో ఆ ఫైల్లో ఉంటుంది. నొప్పులు ఎలా మొదలవుతాయో, దొంగనొప్పికీ అసలు నొప్పికీ తేడా ఏమిటో, ఉమ్మనీరు పోతే ఏం చెయ్యాలో, మొదటి కాన్పుకి సాధారణంగా ఎన్ని గంటలు పడుతుందో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. డాక్టరుగారి దగ్గర గంటన్నర వెయిటింగు, మూడు నిమిషాల పరీక్ష. "అంతా బానే ఉంది, నెక్స్ట్." ఇక ఆమెకి పురుడంటే తెలిసింది సినిమాలో చూసినదే: ఒక కేక, ఉరుము, తలుపు తీసుకుని డాక్టరు బయటికొచ్చి తల్లో బిడ్డో ఒక్కరే అనడం. మిగతాది చుట్టాలు పూరిస్తారు. పేరంటానికి వచ్చిన ప్రతి పెద్దావిడా తన కాన్పులో తను ఎలా చచ్చి బతికిందో చెప్పి, చివర్లో "నువ్వు మాత్రం ధైర్యంగా ఉండమ్మా" అని తాంబూలం పుచ్చుకుని వెళ్తుంది.

నెలలు నిండే వేళకి కొత్త మాటలు వచ్చిపడతాయి. పేగు మెడకి చుట్టుకుంది, ఉమ్మనీరు తగ్గింది, బిడ్డ పెద్దది. వీటిలో కొన్ని నిజంగా పట్టించుకోవాల్సినవి. కానీ మెడకి పేగు చుట్టుకోవడం దాదాపు నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో కనిపించే మామూలు సంగతి. తల బయటికొచ్చాక ఆ మెలికని వేలితో తప్పిస్తారు, చాలా కాన్పుల్లో అంతటితో సరి. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. చెప్పకుండా స్కానింగు కాగితం మాత్రమే చేతిలో పెడితే, ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మర్నాడు వాళ్ళే వచ్చి ఆపరేషన్ చెయ్యమంటారు. అప్పుడు ఆస్పత్రి అంటుంది, "పేషెంటు వాళ్ళే అడిగారండీ" అని.

పురిటి గదిలోకి వద్దాం. తలుపు బయటి బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి లోపలేం జరుగుతోందో కనపడదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇది ఏ ఒక్క ఆస్పత్రి కథా కాదు, చాలాచోట్ల ఇంతే. అమ్మాయి రెండు సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. అంటే గర్భాశయ ముఖద్వారం తెరుచుకోవడం ఇంకా మొదట్లోనే ఉంది. ఇంటికెళ్ళి తిరుగుతూ ఉండి మళ్ళీ రావాల్సిన దశ. చేర్చుకుంటారు. గాజులు తీయించి, గౌను వేయించి, అమ్మని బయటుంచి తలుపేస్తారు. ఎడమచేతికి సెలైను. మంచినీళ్ళివ్వరు, "ఆపరేషన్ అయితేనో?" అంటారు. బల్ల మీద వెల్లకిలా పడుకోవాలి, లేవకూడదు. ఎదురుగా గోడ గడియారం, పైన ట్యూబులైటు, పక్క బల్ల మీద ఇంకొకమ్మాయి అరుపులు. నొప్పి వచ్చినప్పుడు కాస్త గట్టిగా మూలిగితే ఆయా అనే మాటలుంటాయి, కాపురం చేసినప్పుడు తెలియలేదా అన్న అర్థం వచ్చేవి. అవి యథాతథంగా రాయడానికి నాకు చెయ్యి రాదు. కాసేపటికి సెలైన్లో నొప్పులు పెంచే మందు కలుపుతారు. ఎక్కిన కొద్దీ నొప్పి నొప్పికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి తగ్గిపోతుంది. అయిదారు గంటలయ్యాక "ప్రోగ్రెస్ లేదు" అంటారు. తలుపు తెరుచుకుని కాగితం బయటికొస్తుంది, సంతకం పెట్టమని. "బిడ్డకి రిస్క్" అన్న రెండు మాటలు విన్నాక సంతకం పెట్టని తండ్రి లేడు. "డబ్బుకేం ఫర్లేదండీ, చేసెయ్యండి" అంటాడు తాత.

ఇందులో ఓపిక పట్టనిది ఎవరు?

ఆస్పత్రులు ఇప్పటికీ పాటించే గంటకో సెంటీమీటరు లెక్క 1950లలో అమెరికా వైద్యుడు ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ గీసిన గ్రాఫు నుంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే దాన్ని పక్కన పెట్టింది. ఆ సంస్థ మార్గదర్శకాల ప్రకారం అసలు నొప్పుల దశ అయిదు సెంటీమీటర్ల దగ్గరే మొదలవుతుంది. అక్కడి నుంచి కూడా తొలిచూలుకి పన్నెండు గంటల దాకా పట్టొచ్చు. అంతకు ముందు దశకి ఇంత టైమని గీత గీసే వీల్లేదు. గంటకి ఒక సెంటీమీటరు జరగలేదన్న ఒక్క కారణంతో మందు పెట్టడం గానీ కత్తి పెట్టడం గానీ తగదని కూడా రాసింది. అంటే రెండు సెంటీమీటర్ల దగ్గర చేర్చుకుని, ఆరు గంటలకి ప్రోగ్రెస్ లేదనడం, ఇంకా మొదలే కాని పందెంలో ఓడిపోయావని చెప్పడం.

భయానికీ నొప్పికీ ఉన్న లంకెని గత శతాబ్దం తొలి సగంలోనే ఇంగ్లండులో గ్రాంట్లీ డిక్-రీడ్ అనే డాక్టరు చెప్పాడు. భయపడితే ఒళ్ళు బిగుస్తుంది, బిగిస్తే నొప్పి పెరుగుతుంది, పెరిగిన నొప్పి మళ్ళీ భయాన్ని పెంచుతుంది. ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు గానీ ఈ మాట నిలబడింది. దీనికి విరుగుడేమిటో కూడా ఇప్పుడు ఊహ మీద నడవక్కర్లేదు. పురిటి వేళ పక్కన ఒక మనిషి విడవకుండా తోడుంటే ఏమవుతుందో 26 ప్రయోగాల్లో, పదిహేను వేలమందికి పైగా తల్లుల మీద చూసిన ఫలితాలని కాక్రేన్ సంస్థ 2017లో ఒకచోట చేర్చింది. తోడున్నవాళ్ళలో సిజేరియన్లు నాలుగో వంతు తగ్గాయి. నొప్పుల సమయమూ తగ్గింది. అదే సంస్థ 2013 సమీక్షలో, తొలి దశలో పడుకోకుండా లేచి నడుస్తూ, కూర్చుంటూ ఉన్నవాళ్ళకి ఆ దశ సుమారు గంటా ఇరవై రెండు నిమిషాలు తక్కువ పట్టింది. అమ్మ చెయ్యి పట్టుకోవడం, వరండాలో నడవడం. ఏ మందుకైనా ఇంత ఫలితం వస్తే ఈపాటికి జాతీయ రహదారి పొడవునా దాని హోర్డింగులు ఉండేవి.

ఇవేవో విదేశాల ముచ్చట్లనుకోకండి. ప్రభుత్వాసుపత్రుల్లో పురిటి గదిలోకి తోడుగా ఒకరిని రానివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే రాష్ట్రాలకి రాసింది. బిడ్డని కన్న అనుభవం ఉన్న ఆడమనిషైతే మంచిదనీ, మిగతావాళ్ళకి చాటు ఉండే చోట భర్తని కూడా రానివ్వొచ్చనీ అందులో ఉంది. మొదటి కాన్పుకి ఆడపిల్లని పుట్టింటికి తీసుకెళ్ళే ఆచారం మనకి ఎందుకొచ్చింది? ఆ వేళకి తెలిసిన చెయ్యి పక్కనుండాలనే గదా. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో బండి కట్టించి, పసుపూ కుంకుమా పెట్టి తీసుకొచ్చి, తీరా నొప్పులు ఎత్తుకున్నాక అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి తలుపేస్తున్నాం. ఇక ఆచారం దేనికి? స్వీట్లు పంచడానికా?

"సరే, ఆపరేషన్ అయితే ఏమయిందిప్పుడు? సేఫ్ గదా" అనేవాళ్ళున్నారు. ఆపరేషన్ ఒక గొప్ప వరం అనడంలో నాకేమీ సందేహం లేదు. మాయ దారికి అడ్డంపడితే, బిడ్డ అడ్డం తిరిగితే, బొడ్డుతాడు ముందు జారితే, గుండె చప్పుడు పడిపోతుంటే, ఆ గంటలో కత్తి పట్టుకున్న డాక్టరు దేవుడే. అవసరమైన సిజేరియన్ అందక తల్లులు చనిపోయే చోట్లు మన కొండల్లోనే ఇంకా ఉన్నాయి. నేను మాట్లాడుతున్నది అవసరం లేని కోత గురించి. జనాభా లెక్కన చూస్తే సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. మన ఇరుగుపొరుగులోనే చూడండి. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకి మాతృమరణాలు కేరళలో 19, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. కేరళలో సిజేరియన్లు 38.9 శాతం, అదీ తక్కువేం కాదు. కానీ 60 దాటిన తెలంగాణ తల్లులకి అంత ఎక్కువగా కోసినందుకు ఏ అదనపు క్షేమం దక్కింది?

ఇక ముహూర్తాలు. పంతులుగారు చెప్పిన గురువారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకి బిడ్డ పుట్టాలి. పుట్టిన ఘడియని బట్టి జాతకం రాసేవాళ్ళం, ఇప్పుడు రాయించుకున్న జాతకాన్ని బట్టి పుట్టిస్తున్నాం. శాస్త్రాన్ని నమ్మేవాళ్ళకి ఇది శాస్త్రానికే మోసం అనిపించకపోవడం ఆశ్చర్యం. మంచి రోజు నెలలు పూర్తిగా నిండకముందే పడితే ఏం జరుగుతుందో కూడా లెక్కలున్నాయి. రెండోసారి సిజేరియన్‌కి ముందే తేదీ పెట్టుకున్న తల్లుల బిడ్డల్ని అమెరికాలో పరిశీలించి 2009లో ప్రచురించారు. ఊపిరి ఇబ్బంది, ఇన్‌ఫెక్షను, ఐసీయూ లాంటి కష్టాలు 39 వారాలకి పుట్టినవాళ్ళలో 8 శాతానికి వస్తే, 38 వారాలకి 11 శాతం, 37 వారాలకి 15.3 శాతం. మహర్జాతకుడు పుట్టీ పుట్టగానే గాజుపెట్టెలో పడుకోవడం ఏ గ్రహబలమో మరి.

ఆపరేషన్ ఖరీదు ఆ రోజు బిల్లుతోనే తీరిపోదు. ఒకసారి కోసిన గర్భాశయంలో తర్వాతి కాన్పుకి మాయ ఆ మచ్చ మీద పాతుకుపోయే ప్రమాదం ఉంది. మాయ కిందికి దిగి ఉన్న తల్లుల్లో అంతకు ముందు ఒక సిజేరియన్ అయి ఉంటే నూటికి 11 మందికి, రెండయి ఉంటే 40 మందికి ఇలా జరిగిందని 2006 నాటి పెద్ద అధ్యయనం ఒకటి తేల్చింది. అప్పుడు ఆగని రక్తస్రావం, ఒక్కోసారి గర్భసంచే తీసెయ్యడం. "ఇద్దరితో ఆపేస్తాం గదా, ఆ గొడవ మనకెందుకు" అని ఇన్నాళ్ళూ సర్దుకున్నాం. కానీ 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన కూడా ఆ ఏడాదే పోయింది. మంచిదే. రెండుసార్లు కోయించుకున్న తల్లిని మూడో బిడ్డని కనమనేటప్పుడు ఆ 11, 40 అంకెలు కూడా ఎవరైనా చెప్పాలి గదా.

ఇంత చదివి, "అదే మేం చెప్పేది, మా అత్తగారు పొలంలో కని, బొడ్డు కోసుకుని, సాయంత్రానికి వంట చేసింది" అని సంతోషించే పెద్దలకి నేను మద్దతుగా ఉన్నానని అనుకోవద్దు. పొలంలో కని బతికినావిడ కథ చెప్పుకోవడానికి మిగిలింది. కని చనిపోయినావిడ కథ చెప్పడానికి ఎవరున్నారు? ఆ రోజుల్లో పురుడు పునర్జన్మ అనేవాళ్ళు, ఊరికే అనలేదు. ఇప్పటికీ మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగంమందికి పైగా రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న తల్లికి సుఖప్రసవంలో కూడా కాస్త ఎక్కువ రక్తం పోతే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఇంట్లో కనండి, మంత్రసాని చాలు అని నేననడం లేదు. మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి, జరగాలి. నొప్పి తట్టుకోలేనంటే వెన్నులో మత్తు సూది ఇవ్వమని అడగడం కూడా చేతకానితనం కాదు. పన్ను పీకేటప్పుడు మత్తు అడిగితే ఎవరూ వెక్కిరించరు. పురిట్లో అడిగితే మాత్రం మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా అంటారు.

డాక్టర్ల మీద మొత్తం తోసెయ్యడం కూడా నాకు ఇష్టం లేదు. డబ్బు సంగతి ఉంది, లేదనడం అబద్ధం. కానీ ఒక చిన్న నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టరమ్మ స్థితి చూడండి. పగలంతా ఓపీ, రాత్రి ముగ్గురు నొప్పుల మీద, మత్తు డాక్టరు గాజువాక నుంచి రావాలి. పద్నాలుగు గంటలు ఒక్కో తల్లి పక్కన కూర్చోవడానికి ఆవిడ ఒక్కతే. కోసి ఏమైనా అయితే "పాపం, అన్నీ చేశారు" అంటారు. ఆగి ఏమైనా అయితే అద్దాలు పగులుతాయి. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసాలో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, డాక్టర్ అర్చనా శర్మ మీద హత్య కేసు పెట్టారు. మర్నాడే ఆవిడ ప్రాణం తీసుకుంది. ఈ వార్త చదివిన తర్వాత ఏ డాక్టరు చెయ్యి అర్ధరాత్రి ఇంకో రెండు గంటలు ఆగుదామని ధైర్యం చేస్తుంది?

ఈ పని ఒక్క మనిషి చేతిలో పెట్టడంలోనే తప్పుంది. ఇక్కడ స్టీల్‌ప్లాంటు నీడన బతికేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మన బ్లాస్ట్ ఫర్నేసుల్ని ఎంత మొనగాడైనా ఒక్క ఇంజనీరుకి రాత్రింబవళ్ళు అప్పజెప్పరు. ఏ, బీ, సీ అని షిఫ్టులుంటాయి, షిఫ్టుకి తగ్గ మనుషులుంటారు. మన పురిటి గదికి మాత్రం ఒక్క డాక్టరు, ఇద్దరు అలిసిపోయిన నర్సులు చాలనుకున్నాం.

షిఫ్టుల్లో ఆ పక్కన కూర్చోవాల్సిన మనిషి మిడ్‌వైఫ్. పాత మంత్రసాని కాదు, నర్సింగు చదివి, మళ్ళీ పద్దెనిమిది నెలలు మామూలు కాన్పు మీదే శిక్షణ పొందిన మనిషి. గుండె చప్పుడు వినడం, నడుము రుద్దడం, బంతి మీద కూర్చోబెట్టడం, ఒరిగి పడుకోబెట్టడం, ఎప్పుడు డాక్టరుని పిలవాలో తెలిసి ఉండటం ఆవిడ పని. ఇది మనకి తెలియని విద్య కాదు. హైదరాబాద్‌లో 1948 నుంచి ఉన్న ఫెర్నాండెజ్ ఆస్పత్రిలో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011లోనే ఈ శిక్షణ మొదలుపెట్టారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్‌తో, ఆ ఆస్పత్రితో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకి ఇదే శిక్షణ ఇప్పించింది. తర్వాతి ఏడాదే కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ముప్పైమంది నర్సులతో మొదలైన పని ఒక రాష్ట్రం అంకెని అప్పటికప్పుడు మార్చేయదు, తెలంగాణ 60.7 అందుకు సాక్ష్యం. కానీ శ్రీలంక దశాబ్దాల కిందటే పల్లెపల్లెకీ శిక్షణ ఉన్న మిడ్‌వైఫ్‌ని పంపి మాతృమరణాల్లో మనకన్నా ఎంతో ముందుకెళ్ళింది. అక్కడి అమ్మాయిలు కూడా ఫోన్లు చూస్తారు.

దువ్వాడలో ఉన్న పిల్లకి ఈలోగా ఏం దారి? మంచి మిడ్‌వైఫ్ ఊరికొచ్చేదాకా ఆమె నెలలు ఆగవు. హిమోగ్లోబిన్ ఎంతుందో తెలుసుకుని, మాత్రలు కక్కొస్తోందని మానెయ్యకుండా వేసుకోవడం, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి జరిగే ఉచిత పరీక్షకి వెళ్ళడం, రోజూ కాస్త నడవడం, ఇవి ఎవరైనా చెప్పేవే. నేను చెప్పేది ఇంకొకటి. ఏడో నెలలోనే, భర్తనో అమ్మనో వెంటబెట్టుకుని, కనబోయే ఆస్పత్రికి వెళ్ళి పురిటి గది చూపించమనండి. ఫర్నిచరు షాపులో మంచం కొనే ముందు కూర్చుని చూస్తాం, ఇదీ చూడొచ్చు. అర్ధరాత్రి నొప్పులొస్తే ఎవరు బండి తీస్తారో, గాజువాక ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో, పెద్ద అవసరం పడితే కేజీహెచ్‌కి ఏ దారిన వెళ్ళాలో ముందే మాట్లాడుకోండి. 108కి ఎవరు ఫోన్ చెయ్యాలో కూడా.

డాక్టరుగారిని నాలుగు ప్రశ్నలు అడగండి. తొలిచూలు కాన్పుల్లో మీ దగ్గర నూటికి ఎంతమందికి ఆపరేషన్ అవుతోంది? నొప్పులప్పుడు నన్ను లేచి నడవనిస్తారా, మంచినీళ్ళు తాగనిస్తారా? అయిదు సెంటీమీటర్లకి ముందే వస్తే చేర్చుకుంటారా, ఇంటికి పంపి మళ్ళీ రమ్మంటారా? మా అమ్మని లోపలికి రానిస్తారా? వీటికి కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే అక్కడే కనండి. "అవన్నీ మీకెందుకమ్మా" అంటే ఇంకో ఆస్పత్రి చూసుకోవడానికి మీకింకా రెండు నెలల టైముంది.

నాలుగో ప్రశ్నకి ప్రభుత్వాసుపత్రిలో కాదంటే, కేంద్రం 2016లో ఇచ్చిన ఆదేశం ఉందని చెప్పండి. చాలామంది ఆయాలకి, కొంతమంది డాక్టర్లకి కూడా ఆ సంగతి తెలియదు.